కెమెరా కిందికి దించితే బాపు మాట్లాడాడు

ఆదివారం పొద్దున 10 గంటలు. తార్నాక మెట్రో స్టేషన్ నుంచి ఏడెనిమిది నిమిషాలు నడిస్తే వచ్చే ఓ పాత ఇల్లు. మేడ మీద గది. నేల మీద చాపలు, గోడకి తెల్ల దుప్పటి, ఓ సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్. పదకొండు మంది స్టూడెంట్లు, పదకొండు ఫోన్లు. మిగతా క్లాసుల్లో ఫోన్ బయటికి తీస్తే తిడతారు. ఇక్కడ తియ్యకపోతే నేను తిడతా.

వారంలో ఐదు రోజులు నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతా, సాయంత్రం మళ్లీ అదే బ్లూ లైన్‌లో వెనక్కి. ఆదివారం మాత్రం వీడియో ఆర్ట్ టీచర్‌ని.

ఈ మాట చెప్పగానే ఆఫీసులో వచ్చే మొదటి ప్రశ్న, “యూట్యూబ్ చానెలా? సబ్‌స్క్రైబర్స్ ఎంత మంది?” రెండోది, “పెళ్లి వీడియోలు కూడా తీస్తావా?” మూడో ప్రశ్న మా అమ్మది. “దాంతో బతుకు ఎల్తదా?”

మొదటి రెండిటికీ ‘కాదు’ అని చెప్పేసి తప్పించుకోవచ్చు. మూడోదానికే కష్టం. దానికి జవాబు చెప్పాలంటే మా బాపు చేతుల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఖాళీ చేతిలో పంచ్

బాపు ఆర్టీసీ కండక్టర్. 31 ఏళ్ల సర్వీసు. ఎక్కువ కాలం సికింద్రాబాద్ - చార్మినార్ 8ఏ. ఇప్పుడంటే టికెట్లు మెషీన్లోంచి వస్తున్నయ్ గానీ, బాపు చేరినప్పుడు ఎడమ చేతిలో టికెట్ల ట్రే, కుడి చేతిలో పంచ్. వేలు తడి చేసుకోవడం, టికెట్ చింపడం, టక్‌మని పంచ్ కొట్టడం, చిల్లర ఇవ్వడం. బస్సు బ్రేక్ కొడుతున్నా, భుజాన జనం వేలాడుతున్నా ఆ వరస తప్పేది కాదు.

రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ఇంట్లో ఉండి ఉండి నేను గమనించిందిది. టీవీ చూస్తూ చూస్తూ బాపు కుడి చెయ్యి మెల్లగా బిగిసేది, వదిలేది. బిగిసేది, వదిలేది. చేతిలో ఏమీ లేదు. పంచ్ మాత్రం పడుతూనే ఉంది.

ఫోన్ తీసి రికార్డ్ చేశా. బాపు కుర్చీలో, నేను నిలబడి. నలభై సెకన్లకు కట్ చేసి, కింద ఓ విషాదం ట్యూన్ వేసి పోస్ట్ చేశా. లైకులు బాగానే పడ్డాయి. కామెంట్ల నిండా ఏడుపు ఎమోజీలే. నాకు గర్వంగానే అనిపించింది. మేడం చూసేదాకా.

మేడం అంటే ఆ మేడ గది ఓనర్. ఒకప్పుడు టీవీ కోసం చదువు పాఠాలు తీసిన ప్రొడ్యూసర్. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు ఫెస్ట్ వీడియో ఎడిటింగ్ కోసం ఎవరో ఆమె దగ్గరికి పంపారు. అప్పట్నుంచి వదల్లేదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి మేడం అనే రాస్తున్నా.

ఆమె ఆ నలభై సెకన్లు రెండుసార్లు చూసి అడిగింది ఒక్కటే.

“నిలబడి తీశావా?”

“అవును మేడం.”

“అందుకే మీ నాన్నగారు చిన్నగా కనిపిస్తున్నారు. ఇది పటేల్ షాట్.”

జహీరాబాద్ నుంచి వచ్చిన పాఠం

పటేల్ షాట్ అనే మాట ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ల పుస్తకాల్లో ఉండదు. అది పుట్టింది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఓ సంస్థ ఉంది. చిరుధాన్యాల సేద్యం, విత్తనాల బ్యాంకులు, పల్లె ఆడవాళ్ల సంఘాలు వాళ్ల పని. దాన్ని నడిపించిన పీవీ సతీష్ అంతకుముందు దూరదర్శన్ ప్రొడ్యూసర్. 2023 మార్చిలో చనిపోయారు.

1990ల చివర్లో ఆ సంఘాల ఆడవాళ్లకి వీడియో కెమెరా నేర్పడం మొదలైంది. ఎక్కువమంది దళితులు, కూలికెళ్లేవాళ్లు, బడి మొహం చూడనివాళ్లు. లో యాంగిల్, హై యాంగిల్ అని ఇంగ్లిష్‌లో చెబితే ఎవరికి అర్థం కావాలి? వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే దొర అట్లనే చూస్తాడు. కిందనుంచి పైకి చూసేది బానిస షాట్. ఇక కంటికి కన్ను సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద ఒక్క ఎత్తులోనే కూర్చుంటారు కదా!

వాళ్లు అక్కడితో ఆగలేదు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడ్డారు. వరంగల్ రైతులు బీటీ పత్తితో పడ్డ బాధల్ని ఏళ్ల తరబడి వెంటపడి తీశారు. అదే కథ మిగతా దేశాల్లో ఎట్లుందో చూద్దామని థాయిలాండ్, ఇండోనేషియా, మాలి, దక్షిణాఫ్రికా దాకా కెమెరా పట్టుకెళ్లారు. చదవడం రాయడం రాదని జనం పక్కన పెట్టిన మనుషులు వాళ్లు.

మేడం ఇదంతా చెప్పి, “మళ్లీ తియ్యి. ఈసారి మ్యూజిక్ వద్దు. కట్ వద్దు. కింద కూర్చో” అంది.

తొమ్మిది నిమిషాలు

మళ్లీ తీశా. ఈసారి ఇద్దరం చాప మీద కూర్చున్నాం. ఫోన్‌ని బియ్యం డబ్బా మీద, బాపు కళ్ల ఎత్తులో పెట్టా.

ఇక్కడో చిన్న టెక్నికల్ ముచ్చట. మీకూ పనికొస్తుంది. ట్యూబ్‌లైట్ కింద వీడియో తీస్తే స్క్రీన్ మీద గీతలు పాకినట్టు మినుకుమినుకుమంటుంది చూశారా? ఫోన్ పాడవలేదు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. మామూలు ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. చాలా ఫోన్లలో వీడియో మాత్రం సెకనుకి 30 ఫ్రేములకి సెట్ అయి ఉంటుంది. ఆ రెండిటికీ లెక్క కుదరదు. ప్రో మోడ్‌లోకి వెళ్లి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. గీతలు పోతాయి. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేస్తే మధ్యలో వెలుగు ఎగిరెగిరి పడదు కూడా.

రికార్డ్ నొక్కి, “బాపూ, టికెట్ ఎట్ల కొట్టేటోడివో చూపియ్” అన్నా.

ఖాళీ చేతుల్తోనే మొదలుపెట్టాడు. ఎడమ చేతి మీద లేని ట్రే. వేలు తడి. చింపుడు. టక్. ఐదో టికెట్టో ఆరో టికెట్టో అయ్యాక వాడి వెనకాల ఏదో రాస్తున్నట్టు వేలు కదిపాడు. ఏందది అని అడిగా.

“చిల్లర లేకపోతే టికెట్ ఎనక రాసిస్తుంటిమి బిడ్డా. దిగేటప్పుడు అడిగి తీస్కపోవాలె. కొందరు మర్శిపోయి దిగిపోతుండ్రి. యూనివర్సిటీ పోరగాండ్లయితే బస్సు ఆగకముందే దుంకుదురు. నేను పిలిచేలోపల బస్సు కదిలేది.” ఆగాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. “రూపాయి, అర్ధరూపాయి. 31 ఏండ్లు. ఎంతమందికి బాకీ ఉన్ననో!”

నేను పుట్టినప్పట్నుంచి ఆ ఇంట్లోనే ఉన్నా. ఈ మాట ఎప్పుడూ వినలేదు. కెమెరా కిందికి దింపాకే విన్నా.

ఆ తొమ్మిది నిమిషాల వీడియోని కట్ చెయ్యకుండా మేడ గదిలో దుప్పటి మీద వేశాం. చూసింది పద్నాలుగు మంది. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకాయన మాత్రం జేబులోంచి రూపాయి బిళ్ల తీసి చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంతకీ వీడియో ఆర్ట్ అంటే?

సినిమాకి కథ కావాలి. రీల్‌కి మొదటి మూడు సెకన్లలో పట్టుకునే హుక్ కావాలి. వీడియో ఆర్ట్‌కి ఆ రెండూ తప్పనిసరి కాదు. ఒక విషయాన్ని మామూలుగా చూసేదానికన్నా ఎక్కువసేపు చూడమని అడుగుతుంది. గ్యాలరీ గోడ మీద, చీకటి గదిలో, పాత టీవీలో, ఎక్కడైనా ఆడొచ్చు.

దీనికి ఆద్యుడిగా చెప్పుకునేది కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్‌ని. 1963లో జర్మనీలో టీవీ సెట్లను పాడు చేసి, వాటి బొమ్మని వంకర్లు తిప్పి ప్రదర్శన పెట్టాడు. 1974లో ‘టీవీ బుద్ధ’ చేశాడు. ఓ బుద్ధ విగ్రహం, ఎదురుగా టీవీ, పైన కెమెరా. బుద్ధుడు టీవీలో తనని తానే చూసుకుంటూ కూర్చుంటాడు, అంతే. సెల్ఫీ కెమెరా రాకముందే సెల్ఫీ మీద చెప్పాల్సిందంతా చెప్పేశాడు. అదే పైక్ 1979లో డ్యుసెల్‌డార్ఫ్ ఆర్ట్ అకాడమీలో ప్రొఫెసర్ అయ్యాడు.

నాకు బాగా దగ్గరివాడు ఇంకొకాయన, వుడీ వాసుల్కా. ఈయన ముందు చదివింది ఇంజినీరింగ్, తర్వాత ప్రాగ్‌లో సినిమా. భార్య స్టైనా వయొలిన్ కళాకారిణి. ఇద్దరూ అమెరికా వెళ్లి 1971లో న్యూయార్క్‌లో ‘ది కిచెన్’ అనే వేదిక మొదలుపెట్టారు. పాత హోటల్ వంటగదిలో పెట్టారు కాబట్టి ఆ పేరు. తర్వాత బఫెలోలో యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. వీడియో సిగ్నల్‌ని విరగ్గొట్టి, మళ్లీ కట్టి, దాన్నే బొమ్మగా మార్చడం వాళ్ల పని. కోడ్ రాసేవాళ్లకి అది వెంటనే ఎక్కుతుంది. డీబగ్గింగ్‌ని దుప్పటి మీద వేసి చూపించినట్టు ఉంటుంది.

మన దేశానికొస్తే నళినీ మలానీ. 1946లో పుట్టారు. డెబ్భై దాటాక ఐప్యాడ్ మీద వేలితో గీసిన యానిమేషన్లు గోడల నిండా పరిచి, 2020లో లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీలో చూపించారు. వేలు, స్క్రీన్. మనందరి దగ్గరా ఉన్నవే.

క్యాంపస్‌లో కెమెరా కొత్త కాదు

వీడియోతో పాఠం చెప్పడం ఎడ్‌టెక్ కంపెనీలు కనిపెట్టాయనుకుంటాం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తయారుచేసిన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. తర్వాత 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో కాలేజీ పిల్లల కోసం ప్రసారాలు మొదలుపెట్టింది. వాటి కోసం యూనివర్సిటీల్లో స్టూడియోలు వచ్చాయి.

అలాంటి కేంద్రం ఒకటి మా తార్నాక పక్కనే ఉంది, ఇఫ్లూ క్యాంపస్‌లో. 1958లో ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణనిచ్చే సంస్థగా మొదలై, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయిన ఇఫ్లూలో ఎడ్యుకేషనల్ మల్టీమీడియా రీసెర్చ్ సెంటర్ నడుస్తోంది. నాలుగేళ్లు దాని గేటు ముందు నుంచే కాలేజీకి పోయా. లోపల కెమెరాలున్నాయని నాకు తెలీదు.

ఇప్పుడు మా స్టూడెంట్లకి నేనిచ్చే మొదటి అసైన్‌మెంట్ ఓయూ ఆర్ట్స్ కాలేజీ. 1939 నాటి ఆ రాతి భవనం ముందు రోజూ ఎన్ని ప్రీ వెడ్డింగ్ షూట్లు జరుగుతాయో లెక్కే లేదు. అందరూ కిందనుంచి పైకే తీస్తారు. అంటే బానిస షాట్! కాబట్టి రూల్ ఇదీ: ‘ఆర్ట్స్ కాలేజీని తియ్యి. కెమెరా పైకి ఎత్తొద్దు.’

మొదట విసుక్కున్నారు. తర్వాత ఒకమ్మాయి పొద్దున ఆరింటికే పోయి, మెట్లు ఊడ్చే ఆమె చీపురు ఎత్తులో ఫోన్ పెట్టి నాలుగు నిమిషాలు తీసుకొచ్చింది. భవనం మొత్తం కనిపించదు. ఒక్కో మెట్టే కనిపిస్తుంది, చీపురు చప్పుడుతో సహా. నేను ఆ క్యాంపస్‌లో నాలుగేళ్లు తిరిగా. ఆ మెట్లు అన్ని ఉన్నాయని ఆ రోజే తెలిసింది. టీచింగ్ ఎందుకు వదల్లేనో ఇప్పుడు అర్థమైందా? ఆ వీడియో చూశాక నా తర్వాతి పని మారిపోయింది.

బతుకు ఎల్తదా?

సరే, అమ్మ ప్రశ్నకి వద్దాం. లెక్కలు దాచకుండా చెప్తా.

వీడియో ఆర్టిస్టులు తమ పనిని ‘ఎడిషన్లు’గా అమ్ముతారు. అంటే మూడో ఐదో కాపీలే ఉంటాయని సంతకం చేసి సర్టిఫికెట్ ఇస్తారు. కానీ కొనేది మ్యూజియాలు, కొద్దిమంది కలెక్టర్లు. అది మొదటి రోజు నుంచి ఇల్లు నడిపేది కాదు. నేను ఇప్పటిదాకా ఒక్కటీ అమ్మలేదు.

అందుకే ఈ దారిలో చాలామంది టీచర్లు. కాలేజీలో లెక్చరర్ కావాలంటే సాధారణంగా మాస్టర్స్, ఆపైన నెట్ లాంటి అర్హత కావాలి. విజువల్ ఆర్ట్, మాస్ కమ్యూనికేషన్ రెండూ నెట్‌లో సబ్జెక్టులే. చదువుకోవడానికి హైదరాబాద్‌లోనే దారులున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్, మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ, ఇఫ్లూలో జర్నలిజం - మాస్ కమ్యూనికేషన్. బయటైతే పుణె ఎఫ్‌టీఐఐ, అహ్మదాబాద్ ఎన్ఐడీ, ఢిల్లీ జామియా. ఇవి కాక యూనివర్సిటీ మీడియా కేంద్రాలు, ఆన్‌లైన్ కోర్సుల ప్రొడక్షన్, మ్యూజియం వీడియోలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టక్కర్లేదు, డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు.

నాకు ఓ కాలేజీ గెస్ట్ ఫ్యాకల్టీగా రమ్మంది. జీతం అడిగా. ఇప్పుడు నాకొచ్చేదాంట్లో ఐదో వంతు. రాజీనామా లెటర్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టా. సరిగ్గా ఆ నెల్లోనే బాపుకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు.

తార్నాకలోనే ఆర్టీసీ ఆస్పత్రి. బాపు ఎన్నో ఏళ్లుగా ఎరిగిన చోటు. మందులు, తర్వాత ఫిజియోథెరపీ. మెత్తటి బంతి ఇచ్చి నొక్కమన్నారు. ఇంటికొచ్చాక బాపు ఆ బంతిని ముట్టుకోనే లేదు. “చిన్నపోరగాండ్ల ఆట” అని మొహం తిప్పుకునేవాడు. లెటర్ డ్రాఫ్ట్స్‌లోనే ఉండిపోయింది. ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగం అప్పుడు ఎట్ల వదిలేస్తా?

ఓ రాత్రి ఏం చెయ్యాలో తోచక ఆ తొమ్మిది నిమిషాల వీడియోని టీవీలో వేశా. బాపు మంచం మీద, ఎదురుగా టీవీలో బాపు. పైక్ బుద్ధుడు గుర్తొచ్చాడు గానీ నవ్వు రాలేదు. టీవీలో చెయ్యి టక్కుమన్నప్పుడల్లా మంచం మీది చెయ్యి వంక చూసుకున్నాడు. మూడోసారి వేశాక బొటనవేలు కొంచెం కదిలింది. “బాలు ఇయ్యి” అన్నాడు.

వీడియో వల్ల చెయ్యి వచ్చిందని నేను చెప్పను. అది ఫిజియోథెరపీ పని, నెలల తరబడి అమ్మ చేయించిన పని. బాలు ఇయ్యి అని అడిగించింది మాత్రం ఆ తొమ్మిది నిమిషాలే. నలభై సెకన్ల రీల్ ఆ పని చేసేది కాదు.

ఇప్పుడు నా లెక్క ఇట్లుంది. పన్నెండు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే ఉద్యోగం వదలాలి. ఏడు నెలలది జమైంది. ఈలోపల మాస్టర్స్ ఎంట్రన్స్‌కి చదువుతున్నా. మీలో ఎవరైనా ఇదే దారి చూస్తుంటే నేను చెప్పగలిగేది ఇంతే: ముందు లెక్క రాసుకోండి, ఆదివారాల్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అమ్మకి ఈ లెక్కంతా కాగితం మీద రాసి చూపించా. చదివి, మడిచి, బియ్యం డబ్బాలో పెట్టుకుంది. వద్దనైతే అనలేదు.

వచ్చే ఆదివారం బాపు మా క్లాసుకి వస్తున్నాడు. టికెట్ కొట్టుడు పిల్లలకి తనే చూపిస్తాడట. మేడ మెట్లు ఇరవై రెండు. కింది నుంచి ఇద్దరు పట్టుకుంటే ఎక్కగలడు. నేల మీద కూర్చోలేడు గనక కుర్చీ వేస్తున్నాం. పిల్లలకి ఇప్పటికే మెసేజ్ పెట్టా, ‘ఈసారి ట్రైపాడ్లు కుర్చీ ఎత్తుకి పెంచండి’ అని.

ఇంకో మాట కూడా రాశా. ‘అందరూ జేబులో ఓ రూపాయి బిళ్ల తెచ్చుకోండి. దిగేటప్పుడు ఆయన చిల్లర ఇస్తాడు, మర్చిపోకుండా తీసుకోండి.’